దూబగుంట ఆడవాళ్లు కదిలితే

నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు 1990ల మొదట్లో సారా అంగడి మూయించారు. ఆ గెలుపు కథ అక్షరాస్యత వాచకంలో పాఠమైంది. దాన్ని చదివిన పక్క ఊళ్ల ఆడవాళ్లూ చీపుర్లు పట్టుకుని ఊరి మొదట్లో నిలబడ్డారు. సారా ప్యాకెట్లను లోపలికి రానివ్వలేదు. కూలి డబ్బులు ఇంటికి చేరకముందే సారాకొట్టుకు పోతుంటే పిల్లల కంచంలోకి ఏమొస్తుంది? ఆ కోపం సారా అంగళ్ల వేలంపాటల దాకా వెళ్లింది. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం అమలైంది.

సమాజ కార్య పాఠాల్లో దీన్ని ‘సామాజిక చర్య’ అంటారు. అమెరికా పండితుడు జాక్ రోత్‌మన్ 1968లో సముదాయంతో పనిచేసే తీరులను మూడుగా విడదీశాడు. ఊరంతా కూర్చుని తమ అవసరాలు తామే తీర్చుకోవడం ‘స్థానికాభివృద్ధి’. నిపుణులు లెక్కలు తీసి పథకం గీయడం ‘సామాజిక ప్రణాళిక’. అన్యాయానికి గురైనవాళ్లు కూడి అధికారాన్ని నిలదీయడం మూడోది.

ఊళ్లలో మాత్రం ఇవి విడివిడిగా నడవవు. దూబగుంటలో చదువు కార్యక్రమం ప్రణాళికగా వచ్చింది, పోరాటంగా మారింది. ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లాలో రోజుకో రూపాయి దాచే పొదుపు సంఘాలు పుట్టాయి. అంటే స్థానికాభివృద్ధి! కార్యకర్త మంచి పాఠం రాయగలడు, సభ పెట్టగలడు. ఏ అంగడి ముందు ఎప్పుడు నిలబడాలో మాత్రం ఆ ఆడవాళ్లే తేల్చుకున్నారు.