ఊపిరి చెప్పే కబురు

మధుమేహం బాగా ముదిరి తెలివి తప్పుతున్న రోగి ఊపిరిలో మగ్గిన పండు వాసన వస్తుంది. యంత్రాలు అంతగా లేని రోజుల్లో అనుభవంగల డాక్టర్లు గదిలో అడుగు పెడుతూనే ఆ వాసనతో జబ్బును పోల్చుకునేవారు. కారణం సులభమే. చక్కెరను వాడుకోలేని శరీరం కొవ్వును కాల్చుకుంటుంది. అప్పుడు పుట్టే ఎసిటోను ఊపిరితోబాటు బయటికి వస్తుంది. పొయ్యిలో కట్టె మారితే పొగ వాసన మారదూ? ఇదీ అంతే.

ఊపిరితిత్తుల కాన్సరును కూడా ఇలాగే, కత్తీ సూదీ లేకుండా, ఊపిరిలోనో మూత్రంలోనో పసికట్టగలమా అని కొన్ని దశాబ్దాలుగా శాస్త్రజ్ఞులు వెతుకుతున్నారు.

మనవాళ్లు ఈ అవయవానికి భలే పేరు పెట్టారు. తిత్తి అంటే తోలుసంచి. కమ్మరి కొలిమి ఊదేదీ తిత్తే. అయితే ఈ తిత్తి లోపలి కండకు నొప్పి తెలియదు. అందులో కణితి పుట్టి పెరుగుతున్నా చాలాకాలం మనిషికి సుళువు దొరకదు. విడవని దగ్గు, ఆయాసం, కళ్లెలో నెత్తురు కనిపించేసరికి చాలామందిలో జబ్బు ఆపరేషను చేసే దశ దాటిపోయి ఉంటుంది.

మన దేశంలో మరో చిక్కు కూడా ఉన్నది. నా సహోద్యోగి ఒకరు, లెక్కల మాష్టారు, జన్మలో చుట్టగాని సిగరెట్టుగాని ముట్టినవారు కారు. దగ్గు పట్టుకున్నది. ఎక్స్‌రేలో నీడ కనిపించింది. క్షయ అన్నారు. ఆరు నెలలు మందులు మింగారు. మనిషి చిక్కిపోతున్నాడేగాని దగ్గు తగ్గలేదు. చివరికి సూది గుచ్చి ముక్క తీసి చూస్తే కాన్సరు. ఆ ఏడు పరీక్ష పేపర్లు ఆయన వంతువి కూడా మేమే దిద్దాం. మొదట చూసిన డాక్టరును తిట్టుకోవడం తేలిక. కాని ఎక్స్‌రేలో క్షయ నీడా కాన్సరు నీడా తరచు ఒకే తీరుగా ఉంటాయి. క్షయ ఇంత ఎక్కువగా ఉన్న దేశంలో ముందుగా మనసు అటే పోతుంది.

స్కాను ఉన్నది గదా అంటారు. నిజమే. తక్కువ కిరణాలతో తీసే సీటీ స్కాను మేలు చేస్తుందని అమెరికాలో 53 వేలమందికి పైగా, అందరూ బాగా పొగతాగిన అలవాటున్నవారే, వారిపై చేసిన పరిశీలన 2011లో తేల్చింది. మామూలు ఎక్స్‌రేతో పోలిస్తే ఈ కాన్సరు చావులు నూటికి 20 వంతున తగ్గాయి. కాని ఆ స్కానులో అనుమానంగా కనిపించిన మచ్చల్లో నూటికి 96కు పైగా కాన్సరు కానేకావు! ఆ మచ్చ ఏమిటో తేలేదాకా ఆ ఇంట్లో ఎవరికి నిద్రపడుతుంది? కొందరికి మళ్లీ స్కాన్లు, కొందరికి సూదిపోట్లు.

ఊపిరి కబురు అక్కరకు రావలసింది ఇక్కడే.

1920 ప్రాంతాలలో జర్మనీలో ఆటో వార్‌బుర్గ్ ఒక వింత గమనించాడు. కాన్సరు కణాలు చక్కెరను విపరీతంగా మింగుతాయి. ప్రాణవాయువు చేతికందుతున్నా దాన్ని పూర్తిగా కాల్చక, మధ్యలోనే వదలి లాక్టికామ్లం చేసి పారేస్తాయి. దుబారా సంసారం అన్నమాట. సంసారం తీరు మారితే పెరట్లో పారబోసే చెత్తా మారుతుంది. అందులో ఆవిరయ్యే సరుకు ఊపిరిలోకీ, నీట కరిగేది మూత్రంలోకీ చేరుతుంది.

1971లో లైనస్ పౌలింగ్, రెండు నోబెల్ బహుమానాలు అందుకున్న ఘనుడు, మనిషి ఊపిరిని బాగా చల్లబరచిన గొట్టంలో పట్టి విడదీసి చూస్తే సుమారు 250 పదార్థాలు బయటపడ్డాయి. 1999లో మైకేల్ ఫిలిప్స్ బృందం, ఎక్స్‌రేలో తేడా కనిపించిన 108 మంది ఊపిరిని పరీక్షించి, కాన్సరు ఉన్నవారిని లేనివారినుంచి వేరుచేయడానికి 22 ఆవిరుల కూడిక పనికివస్తుందన్నది. ఏ ఒక్క ఆవిరీ చాలదు. సాంబారు వాసన ఒక్క ఇంగువది కానట్టే.

చిక్కేమిటంటే, ఊపిరిలో మన సొంతం ఎంత, ఊరిది ఎంత? సిగరెట్టు తాగినవాడి ఊపిరిలో బెంజీను ఉంటుంది. పెట్రోలు బంకు దగ్గర నిలబడి వచ్చినవాడి ఊపిరిలోనూ ఉంటుంది. భోజనం, మందులు, నోటిలోని సూక్ష్మజీవులు, అన్నీ తలో చెయ్యి వేస్తాయి. అందుకే ఫిలిప్స్ వంటివారు గదిలోని గాలిని విడిగా పట్టి, ఆ లెక్కను ఊపిరి లెక్కలోంచి తీసివేస్తారు. అయినా ఒక పరిశోధనాలయం జాబితాకూ మరొకదాని జాబితాకూ పొంతన కుదరడం లేదు. నాకు తోచినంతలో, పత్రికల్లో తరచు కనిపించే ‘ఒక్క ఊపిరితో కాన్సరు గుట్టు రట్టు’ అనే శీర్షికలకు తొందర ఎక్కువ.

మూత్రం దారి కొంత నిలకడగా కనిపిస్తున్నది. 2014లో అమెరికా జాతీయ కాన్సరు సంస్థ పరిశోధకులు 469 మంది రోగుల మూత్రాన్ని, జబ్బులేని 536 మంది మూత్రంతో పోల్చి చూశారు. రోగులలో ఎక్కువగా కనిపించినవాటిలో ‘క్రియాటిన్ రైబోసైడ్’ అనే పదార్థం ఒకటి. అంతకుముందు దాన్ని ఎవరూ గుర్తించలేదు. కణితి ముక్కల్లో వెతికితే, పక్కనున్న మంచి కండలోకంటె అక్కడా అదే ఎక్కువ. అంటే ఆ సరుకు వస్తున్నది ఆ పెరట్లోంచేనని నమ్మడానికి కొంత ఆధారం దొరికింది.

క్రియాటిన్ పేరు వినగానే తెలుగువాళ్లకు ఒకరు గుర్తురావాలి. కండరాలు శక్తిని దాచుకునే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, హార్వర్డులో ఫిస్కేతో కలిసి కనిపెట్టినవారు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారే.

ఈ పరీక్షలు ఆస్పత్రుల్లో నిత్యం వాడే స్థితికి ఇంకా రాలేదు. స్కానును తోసిరాజని ఇవే దాని స్థానంలో కూర్చుంటాయని నేను అనుకోను. స్కానులో మచ్చ కనిపించాక, సూది గుచ్చే ముందు, ఒక సీసాడు మూత్రమో ఒక సంచెడు ఊపిరో పట్టి ‘ఇది అనుమానించదగిందే’ అనో, ‘కొంత ఆగి చూడవచ్చు’ అనో చెప్పగలిగితే, వీటికి తగిన చోటు అదే.