లినక్సు వివరణగ్రంథముల పరిష్కరణపద్ధతి

తాళపత్రప్రతులను బరిష్కరించువా రెల్ల నెఱిఁగిన క్లేశ మొకటి కలదు. ప్రతియందలి పాఠము మూలమున నున్నదో, వ్రాయసకాని దిద్దుబాటో తెలియదు. దిద్దినవాఁ డెవఁడు, ఏల దిద్దెను, పూర్వపాఠ మేమి యను ప్రశ్నలకుఁ బ్రతి యుత్తర మీయదు. ఈ క్లేశమునకు మొదటనే యెడమీయని కట్టుబాటుతో నేఁ డొక వాఙ్మయము పెరుగుచున్నది. అది లినక్సు కెర్నెలునకుఁ జేరిన వివరణగ్రంథసముదాయము.

లినక్సును 1991వ సంవత్సరమున లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించెను. కంప్యూటరునందలి యంత్రభాగములను దక్కిన ప్రోగ్రాములకు వశపఱచు మూలప్రోగ్రామునకుఁ గెర్నెలని పేరు. లినక్సు ఓపెన్ సోర్సు. అనఁగా దాని మూలము నెవ్వరైనను జదువవచ్చును, మార్పవచ్చును, ఆ మార్పును సమర్పింపవచ్చును. ప్రోగ్రామును, దాని వివరణములును నొక్క కోశముననే యున్నవి. మన పరిభాషలోఁ బ్రోగ్రాము లక్ష్యము, వివరణము లక్షణము. లక్ష్యము దినదినము మాఱుచుండును. లక్షణము మాఱకున్న నవ్యాప్త్యతివ్యాప్తులు తప్పవు. లేని సదుపాయము కలదని చెప్పు గ్రంథమును నమ్మినవాఁడు దినములకొలఁది వ్యర్థముగా శ్రమించును.

ఉక్తమును విమర్శించుట, అనుక్తమును బూరించుట, దురుక్తమును దిద్దుట యని వార్తికకారుని పని మూఁడు తెఱఁగులని పెద్దలు చెప్పుదురు. వివరణగ్రంథముల సవరణలును నీ మూఁడింటఁ జేరును. అందు నక్షరదోషములను దిద్దుట సులభము. అర్థదోషములను గనిపెట్టుట కష్టము. వివరణమున ‘చేయవచ్చును’ అను నర్థముగల యాంగ్లపదమును దీసి, ‘చేయవలయును’ అను నర్థముగలదాని నుంచుట శైలిభేదము గాదు. వికల్పము విధి యగును. ప్రోగ్రామును జదివి, నడిపి చూచినఁగాని యట్టి సవరణకుఁ బూనరాదు. ఒక్కొకచో వివరణమే సాధువై ప్రోగ్రామే తప్పియుండును. అప్పుడు దిద్దవలసినది ప్రోగ్రామునే.

సవరణను బంపు క్రమ మిది. మార్పును ‘ప్యాచి’ యందురు. అందుఁ దొలఁగించిన పంక్తికి ఋణచిహ్నమును, జేర్చిన పంక్తికి ధనచిహ్నమును ముందుండును. కావున రెండుపాఠములు నొక్కచోటఁ గనఁబడును. దోష మేమో, సవరణ యేల కావలసెనో పైని దెలుపవలయును. ఆ తెలుపుట ‘దీనిని దిద్దుము’ అన్నట్లు విధ్యర్థకమున నుండవలెనని వారి నియమము. ఒక ప్యాచిలో నొక్క ప్రయోజనమే యుండవలయును. అక్షరదోషములు పది దిద్దుచు నడుమ నొక యర్థమును మార్చినచోఁ బరీక్షకుని కన్ను దానిపైఁ బడదు. మీమాంసకులు వాక్యభేదమును దోషముగా నెంచుట యిచటఁ దలఁపునకు వచ్చును. కడపట సవరించినవాఁడు తన పేరు వ్రాసి, యా పాఠమును సమర్పించు నధికారము తనకుఁ గలదని యొప్పుకొనవలయును. ఈ యేర్పాటు 2004లో వచ్చినది. పిమ్మటఁ బ్యాచి యా భాగమునకు బాధ్యులైనవారికిఁ బోవును. వారి పేళ్లు ‘మెయింటెయినర్స్’ అను పట్టికయందుఁ గలవు. వా రాక్షేపించినచో సమాధానము చెప్పియో, మరలఁ దిద్దియో పంపవలయును.

అంగీకృతమైన మార్పులను 2005లో టోర్వాల్డ్సే నిర్మించిన గిట్ అను సాధనము భద్రపఱచును. ‘బ్లేమ్’ అను నాదేశముతో దాని నడిగినచో, నే పంక్తిని గడపట నెవరు, ఎన్నఁడు, ఏ మార్పుతో వ్రాసిరో చెప్పును. అటనుండి సవరణహేతువును, బూర్వపాఠమును జూడవచ్చును. పేరు నిందార్థకమైనను దాని పని సాక్ష్యము.

పరగ్రంథమున నొక పంక్తిని దిద్దుట కొందఱికి నల్పకార్యముగాఁ దోఁచును. కాని మన ముద్రితగ్రంథములను జూడుఁడు. పెక్కుప్రతులను జూచి సంస్కరించితి మను వాక్య మొకటి పీఠికలో నుండి, పుటల యడుగునఁ బాఠభేదములు లేనివి పెక్కులు గలవు. అందుఁ బ్రతులసాక్ష్య మేదియో, సంస్కర్త కల్పన యేదియో చదువరికి దెలియదు. కంప్యూటరు లేకున్నను, బ్రతి సవరణకుఁ గర్తను, హేతువును, బూర్వపాఠమును జెప్పు నియమమును మన మవలంబింపవచ్చును. పరిష్కర్త ప్రతిభ యెంతటిదైనను, దొలఁగించిన పాఠమును జూపనిచోఁ దరువాతివాఁడు దానిని బరీక్షింపఁజాలఁడు.