అద్దాల పెట్టెలో పసిగుడ్డు

మయూర్ విహార్‌లో మా పై అంతస్తులో ఉండే తెలుగువారి ఇంట నిరుడు ఒక పాప ఏడున్నర నెలలకే పుట్టింది. బరువు 1,500 గ్రాములు. పుట్టిన పావుగంటలోనే వైద్యులు బిడ్డను నవజాత శిశు విభాగంలోని అద్దాల పెట్టెలో చేర్చారు. గుంటూరు నుంచి వచ్చిన అమ్మమ్మ ఆ తలుపు బయట బల్ల మీద కూర్చుని నన్ను అడిగింది: "ఏడో నెల పిల్లలు బతుకుతారు గాని ఎనిమిదో నెల పిల్లలు దక్కరంటారు. దీన్ని ఏ నెల కింద లెక్కపెట్టాలమ్మా?"

మన పెద్దలు తరతరాలుగా చెప్పుకున్న ఆ మాటకు వైద్యశాస్త్రంలో ఆధారం లేదు. గర్భంలో గడిపిన ప్రతి వారమూ బిడ్డకు బలమే.

ఆ తలుపు దాటి లోపలికి వెళ్లే పసివాళ్లలో చాలామంది నెలలు నిండనివారు, తూకం తక్కువవారు. పుట్టగానే ఏడవక, మెదడుకు ప్రాణవాయువు అందనివారు కొందరు. కామెర్లు ముదిరినవారు, ఊపిరి ఆడనివారు, రక్తంలో విషక్రిములు చేరినవారు మిగిలినవారు.

కామెర్లకు నీలికాంతి చికిత్స దొరికిన కథ ముచ్చటైనది. 1950లలో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆస్పత్రిలో వార్డ్ అనే నర్సు పసికందులను ఎండలోకి తీసుకువెళ్లేది. ఒక బిడ్డ ఒంటి మీద దుప్పటి కప్పిన చోట మాత్రమే పసుపుదనం మిగలడం ఆమె కంటపడింది. ఆ పరిశీలనే 1958లో వైద్య పత్రిక కెక్కింది. దీన్ని నమ్ముకొని ముదిరిన కామెర్లను ఇంటి వరండాలోని ఎండకు వదిలేయరాదు, మెదడు దెబ్బతినగలదు.

ఊపిరితిత్తుల సంగతి ఇంకా కఠినం. అమెరికా అధ్యక్షుడు కెనడీ కుమారుడు పాట్రిక్ 1963 ఆగస్టులో అయిదున్నర వారాలు ముందుగా పుట్టి, రెండు రోజులైనా నిండకుండానే ఊపిరాడక మరణించాడు. ఊపిరితిత్తులను ముడుచుకుపోకుండా నిలిపే సహజద్రవం కొరతే ఈ జబ్బుకు మూలమని మేరీ ఎలెన్ ఏవరీ 1959లోనే తేల్చింది. కాని ఆ ద్రవాన్ని బయటినుంచి అందించి బిడ్డలను బతికించడం 1980లో గాని జపానులో సాధ్యం కాలేదు.

ఇక ఢిల్లీ మాట. 2011 జూలై నుంచి 2014 ఫిబ్రవరి వరకు ఇక్కడి మూడు పెద్ద ఆస్పత్రులలో ఒక విస్తృత పరిశోధన జరిగింది. ఆ కాలంలో సజీవంగా పుట్టిన 88,636 మందిలో 13,530 మంది ఈ విభాగాలలో చేరారు. వారిలో 1,934 మందికి, అంటే ఏడుగురిలో ఒకరికి, రక్తం విషమయింది. వారిలో నాలుగోవంతు మంది దక్కలేదు. పరీక్షలో క్రిమి బయటపడిన 840 మందిలోనైతే దాదాపు సగం మంది పోయారు. అంతకంటె కలవరపెట్టేది, ఆ క్రిములలో చాలా వాటిని మన చేతిలోని బలమైన మందులు కూడా లొంగదీయలేకపోవడం. జ్వరం తగలగానే దుకాణంలో అడిగి మింగే మాత్రలకూ ఈ పసికందుల చావులకూ సంబంధం లేదనుకోవడం నా మటుకు నాకు సాధ్యం కాలేదు.

క్రిముల భయంతోనే తల్లిని ఇన్నాళ్లూ తలుపు బయట నిలబెట్టారు. ఆ ఆచారాన్ని తలకిందులు చేసిన ఆస్పత్రులలో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పూనికతో అక్కడా, నాలుగు ఆఫ్రికా దేశాలలోనూ 1,000 నుంచి 1,799 గ్రాముల బిడ్డలు 3,211 మందిపై పరిశోధన జరిగింది. సగం మందిని పరిస్థితి కుదుటపడేదాకా ఆగకుండా, పుట్టిన కొద్దిసేపటికే తల్లి రొమ్ముపై ఒంటికి ఒళ్లు ఆనేలా పడుకోబెట్టారు. తల్లి మంచమూ ఆ గదిలోనే. పాత పద్ధతిలో 28 రోజుల లోపల నూటికి 15.7 మంది మరణించగా, ఈ పద్ధతిలో 12 మందే మరణించారు. విషక్రిముల బెడద కూడా తగ్గింది! ఇక కొందరు బిడ్డలకు దీన్ని నిరాకరించడం అన్యాయమని పరిశోధనను గడువుకు ముందే ఆపివేశారు. ఫలితాలు 2021లో ప్రకటితమయ్యాయి.

మా పాప చేరిన చోట తల్లికి మంచం లేదు గాని, ఆరో రోజు నుంచి బిడ్డను గుండెలకు హత్తుకుని కూర్చోనిచ్చారు. చేతులు మోచేతి దాకా కడుక్కున్నాకనే. తల్లి అలసినపుడు అమ్మమ్మ కూడా ఆ కుర్చీలో కూర్చుంది. ఇరవై ఆరో రోజున 1,850 గ్రాముల బరువుతో పాప ఇల్లు చేరింది. చూడవచ్చిన వారందరినీ అమ్మమ్మ ముందు కుళాయి దగ్గరకు పంపుతున్నది.