కొత్త ఏడబ్ల్యూడీ కారు కొంటున్నారా? క్వాలిటీ వేరు, రిలయబిలిటీ వేరు!

ముందే చెప్తున్నా, ఇది స్పాన్సర్డ్ వీడియో కాదు. ఈసారి కారు కొన్నది నేనే, కాకపోతే డబ్బులు మాత్రం నాన్నవి. రిటైర్ అయినప్పుడు వచ్చిన పీఎఫ్ డబ్బు. అందుకే కొంచెం భయపడుతూనే కొన్నాను.

అమ్మానాన్న పాడేరు దగ్గర ఉంటారు. తారు రోడ్డు నుంచి ఇంటికి మూడు కిలోమీటర్ల మట్టి బాట, మధ్యలో ఒక ఎత్తు. పోయిన ఆగస్టులో అమ్మకి జ్వరం ఎక్కువై రాత్రి ఆసుపత్రికి బయల్దేరితే, ఆ ఎత్తు దగ్గర ముందు చక్రాలు బురదలో గిర్రున తిరగడమే తప్ప కారు కదల్లేదు. చివరికి పక్క ఊరి ట్రాక్టర్ వచ్చి లాగింది. అప్పుడే అనుకున్నాం, ఇక నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే కారే కొనాలని.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. నేనూ చేశాను. నా ఫస్ట్ జాబ్‌లో లోన్ పెట్టి ఒక కారు కొన్నా. కంపెనీ పేరు చెప్పను. లోపల మెత్తటి డ్యాష్‌బోర్డు, పెద్ద స్క్రీన్, సన్‌రూఫ్, డోర్ వేస్తే ధబ్‌మని గట్టి సౌండ్. రెండో ఏడు స్క్రీన్ హ్యాంగ్ అవడం మొదలైంది. మూడో ఏడు గేర్‌బాక్స్ పోయింది. పార్ట్ కోసం నెల దాటి వెయిట్ చేశా. క్వాలిటీ చూసి, దాన్నే రిలయబిలిటీ అనుకున్నాను.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఈజీగా అర్థమయ్యేలా చెప్పాలంటే, క్వాలిటీ అంటే డెమో. రిలయబిలిటీ అంటే ప్రొడక్షన్. డెమో అదిరిపోయినంత మాత్రాన సర్వర్ ఐదేళ్లు పడిపోకుండా ఉంటుందని కాదు కదా!

ఈ తేడా నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో జె.డి. పవర్ అనే సంస్థ రెండు వేర్వేరు సర్వేలు చేస్తుంది. ఒకటి కొన్న మొదటి 90 రోజుల్లో వచ్చిన సమస్యల మీద, ఇంకొకటి 3 ఏళ్లు వాడిన కార్ల మీద. రెండిట్లోనూ ప్రతి 100 కార్లకీ ఎన్ని సమస్యలో లెక్కేస్తారు. ఎవరైనా "మా కారు నంబర్ వన్" అంటే, ఏ సర్వేలో అని అడగండి.

సరే, ఏడబ్ల్యూడీ సంగతికొద్దాం. మామూలు కారుకి లేని భాగాలు దీనికి ఉంటాయి. ముందు నుంచి వెనక్కి వెళ్లే షాఫ్ట్, పవర్‌ని కలిపి విడదీసే కప్లింగ్, వెనక డిఫరెన్షియల్. భాగాలు ఎక్కువంటే చెడిపోయే అవకాశాలూ ఎక్కువే. కాబట్టి అవసరం లేనివాళ్లు ఫ్యాషన్‌కి కొనొద్దు. హైదరాబాద్ ఫ్లైఓవర్ల మీద దీనితో పని లేదు. ఇంకో మాట, బ్రేక్ వేసినప్పుడు ఏడబ్ల్యూడీ వల్ల కారు త్వరగా ఆగదు. ప్రతి కారూ నాలుగు చక్రాలతోనే బ్రేక్ వేస్తుంది. అక్కడ కాపాడేది టైర్లే.

పేర్లతోనూ జాగ్రత్త. మారుతి జిమ్నీలో ఉన్నది ఆల్‌గ్రిప్ ప్రో. దానికి లో-రేంజ్ గేర్ ఉంటుంది, లివర్‌తో మనమే మార్చాలి. 4డబ్ల్యూడీలో పెడితే ముందు, వెనక యాక్సిల్స్ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో వాటికి వేర్వేరు వేగం కావాలి కాబట్టి పొడి తారు రోడ్డు మీద వాడకూడదు. గ్రాండ్ విటారాలోది ఆల్‌గ్రిప్ సెలెక్ట్. ఆటో మోడ్‌లో అవసరమైనప్పుడు పవర్‌ని అదే వెనక్కి పంపుతుంది. స్పోర్ట్, స్నో, లాక్ మోడ్‌లు కూడా ఉంటాయి. దాని కవల టొయోటా హైరైడర్. రెండూ బిడదిలోని టొయోటా ప్లాంట్‌లోనే మొదలయ్యాయి.

"టొయోటా బ్యాడ్జ్ ఉంటే చాలు, కళ్లు మూసుకుని కొనెయ్" అంటారు కదా? 2023 జనవరిలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్‌లో లోపం ఉండొచ్చని మారుతి 17,362 కార్లని వెనక్కి పిలిచింది. అందులో గ్రాండ్ విటారా ఉంది. అదే సమస్యకి హైరైడర్ కూడా రీకాల్ అయింది. పార్ట్ ఒకటే అయినప్పుడు బ్యాడ్జ్ మారితే ఏం లాభం? అలాగని రీకాల్ అంటే చెత్త కారు అని కాదు. తప్పు ఒప్పుకుని ఫ్రీగా సరిచేయడం మంచిదే. నా రూల్ ఏంటంటే, కొత్త మోడల్‌ని మొదటి ఏడాదిలో కొనను. మొదటి బగ్స్ వేరేవాళ్లకి కనబడనివ్వండి.

షోరూమ్‌లో నేను బూట్ స్పేస్, మోడ్‌లు అడుగుతుంటే నాన్న ఒక్కటే అడిగారు. "ఇది పాడైతే ఎవడు బాగుచేస్తాడ్రా?"

నిజానికి అసలు ప్రశ్న అదే. పాడేరు నుంచి విశాఖ వంద కిలోమీటర్లు దాటి ఉంటుంది. అందుకే షోరూమ్ వదిలేసి సర్వీస్ సెంటర్‌కి వెళ్లాం. మీరూ ఈ మూడూ అడగండి. ఒకటి, వెనక డిఫరెన్షియల్, కప్లింగ్ పార్ట్‌లు ఆర్డర్ పెడితే ఎన్ని రోజుల్లో వస్తాయి? రెండు, వెనక డిఫరెన్షియల్ ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకి మార్చాలి, దానికెంత? మూడు, ఎక్స్‌టెండెడ్ వారంటీలో ఈ భాగాలు కవర్ అవుతాయా? ఆ మాట నోటితో వద్దు, కాగితం మీద చూపించమనండి.

కొన్నాక మీ పని కూడా ఒకటుంది. నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే రకం, దాదాపు ఒకేలా అరిగినవి ఉండాలి. ఒక్క టైరే కొత్తది వేస్తే దాని చుట్టుకొలత తేడాగా ఉంటుంది. దాంతో చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరిగి కప్లింగ్ ఊరికే వేడెక్కుతుంది.

చివరికి గ్రాండ్ విటారా ఆల్‌గ్రిప్ తీసుకున్నాం. ప్లాస్టిక్ నా పాత కారంత మెత్తగా లేదు, డోర్ సౌండ్ కూడా అంత గట్టిగా లేదు. మొన్న వర్షంలో నాన్న ఫోన్ చేసి, "ఎత్తు ఎక్కేసిందిరా" అని పెట్టేశారు. ఐదో ఏడు కూడా ఇదే మాట వినాలని నా కోరిక. ఎలా నడుస్తోందో ఏడాదికోసారి ఖర్చులతో సహా ఇక్కడే చెప్తా.

మీ కారు మూడేళ్లు దాటిందా? ఇప్పటిదాకా ఏం పాడైందో కామెంట్‌లో రాయండి. కొత్తగా కొనేవాళ్లకి అంతకన్నా మంచి రివ్యూ దొరకదు. ఉంటా, బై!