జీతములో కోత: కొన్ని ప్రశ్నలు

మన విద్యార్థులలో పలువురు చదువు ముగిసిన వెంటనే అంగళ్లలోను, కర్మాగారములలోను పనికి కుదురుచుందురు. పని నేర్చుకొనుటలో చూపు శ్రద్ధను తమ జీతపు నిబంధనలు తెలిసికొనుటలో వారు చూపరు. అందువలన కొందరు ఊరక నష్టపడుదురు. మరికొందరు అకారణముగా యజమానిని నిందింతురు. రెండును తగవు.

ఒక ఉదాహరణము గైకొందము. ఒక యువకుడు బట్టల దుకాణములో నెలకు 12,000 రూపాయల జీతమునకు కుదిరెను. రోజునకు ఎనిమిది గంటల పని. ఒకనాడతడు పావుగంట ఆలస్యముగా వచ్చెను. నెలాఖరున ఒక దినపు జీతము, అనగా 400 రూపాయలు, తగ్గెను. ఇది న్యాయమా?

ఇట్టి సంగతులను మన దేశమున పూర్వము 1936వ సంవత్సరపు వేతన చెల్లింపు చట్టము నిర్ణయించుచుండెను. 2025 నవంబరు 21వ తేదీనుండి 2019 నాటి వేతనముల కోడ్ దాని స్థానమున అమలులోనికి వచ్చినది.

పనికి రాని కాలమునకు ఎంత తగ్గింపవచ్చును? సాధారణముగా రాని కాలమున కెంత జీతమో అంతయే. మన యువకుని పావుగంటకు 12 రూపాయల 50 పైసలు మాత్రమే.

జుల్మానా వేయవచ్చునా? వేయవచ్చును, కాని తప్పులు ఏవియో ప్రభుత్వామోదముతో ముందుగా ప్రకటించి, ఆ ప్రకటనను పనిచోట ఉంచవలెను. పనివాడు చెప్పుకొను సమాధానమును వినవలెను. జుల్మానా ఆ నెల జీతములో నూటికి మూడు రూపాయలకు మించరాదు. 1936 నాటి చట్టములో ఈ హద్దు రూపాయికి అర్ధణా. కావున మన యువకునికి 360 రూపాయలకు మించి జుల్మానా లేదు. 400 రూపాయల కోత ఏవిధముగను నిలువదు.

ఆ సొమ్ము ఎవరిది? యజమానిది కాదు. దానిని పుస్తకములో వ్రాసి, పనివారి మేలునకే వినియోగింపవలెను. ఇందులోని ధర్మము గమనింపదగినది: శిక్ష తప్పును దిద్దుటకే కాని, శిక్షించువానికి లాభము కలిగించుటకు కాదు.

వస్తువు పాడైనచో? పనివాని అజాగ్రత్తవలన కలిగిన నష్టమునకు మించి పట్టుకొనరాదు. అప్పుడును అతని మాట వినవలెను. అన్ని కోతలును కలిసి జీతములో సగమునకు మించరాదు.

జీతము ఎప్పుడు ముట్టవలెను? నెల జీతము మరుసటి నెల ఏడవ తేదీలోపల. పని మానినను, మాన్పింపబడినను, రెండు పనిదినములలోపల.

అడిగినను తీరనిచో? ప్రభుత్వము నియమించిన అధికారికి మూడు సంవత్సరములలోపల అర్జీ పెట్టుకొనవచ్చును. అచ్చట నోటిమాటకంటె కాగితమునకు బలము హెచ్చు. కావున నెలనెల జీతపు చీటిని అడిగి తీసికొని దాచుకొనవలెను. వచ్చిన వేళను, పోయిన వేళను వ్రాసికొనుట మంచి అలవాటు.

తల్లిదండ్రులకు ఒక మనవి. "ఉన్న పని పోవునేమో, ఊరకుండుము" అని పిల్లలను వారింపకుడు. వినయముతో లెక్క అడుగుట అవిధేయత కాదు. వేళకు పనికి పోవుట పనివాని విధి. చేసిన పనికి పూర్తి జీత మిచ్చుట యజమాని విధి. జీతము దయతో ఇచ్చు దానము కాదు, తీర్పవలసిన బాకీ.