తుంగభద్రను పెన్నతో కలిపిన కాలువ



గద్వాల సీమలోని రాజోలి గట్టున నిలిచి చూచినచో తుంగభద్రకు అడ్డముగా సుంకేసుల కట్ట కానవచ్చును. నేనొకమారు అచట నిలిచియుండగా ఒక వృద్ధ కృషీవలుడు, "కట్ట రెండు గట్లకు ఆనియున్నదే! పాత కాలువ మాత్రము ఆవలికే యేల పోయినది?" అని నన్నడిగెను. ఆ ప్రశ్నకు సమాధానమే నేటి నా ప్రసంగము.

ధవళేశ్వరమున గోదావరికి ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ దొరగారు తుంగభద్ర జలమును పెన్నకును, అచటినుండి నెల్లూరు తీరమునకును కొనిపోవలెనని తలపోసిరి. పొలమునకు నీరు, వర్తకమునకు పడవ దారి, రెండును ఒక్క కాలువతోనే సమకూరునని వారి నమ్మకము. 1858లో మద్రాసు ఇరిగేషను కంపెనీ యేర్పడెను; 1863లో కాలువ పని సాగెను. అదియే కర్నూలు–కడప కాలువ.

రెండు నదుల నడుమ మిట్ట యుండును. నీరు తనంతట మిట్ట నెక్కదు. కావున కట్టతో నీటిమట్టము నెత్తి, కొద్దిపాటి వాలుతో కాలువను నడపిరి. కర్నూలు కడ హంద్రీ నదిపై వంతెనకాలువ కట్టిరి. మిట్టకందాల వద్ద మిట్టను త్రవ్వి నీటిని దాటించిరి. అటుపిమ్మట కుందూ లోయ వాలు పెన్నకు దారి చూపెను. కాలువ పొడవు సుమారు 190 మైళ్లు.

పెన్న దక్షిణమున నున్నది; కంపెనీ పనిచేసినది మద్రాసు రాజధానిలో; మన గట్టు నాడు నిజాము రాజ్యము. వృద్ధుని ప్రశ్నకు ఇదియే జవాబు.

అయినను ఆవలి గట్టున కంపెనీకి లాభము కలుగలేదు. నల్లరేగడి రైతు వాననే నమ్మి జొన్న పండించుకొనువాడు. రొక్కమిచ్చి నీరు కొనుటకు వెనుదీసెను. ఇంజనీయరు లెక్కలో వాలు కలదు, రైతు మనసు లేదు. 1876–78 కరవులో ఆ నీటి విలువ తెలియవచ్చెను. 1882లో ప్రభుత్వము కాలువను కొనెను. అది కడప దాటి సముద్రమును చేరనే లేదు.

మన గట్టునకు నీరు చాల ఆలస్యముగా వచ్చినది. ఎగువన రాజోలిబండ కడ 1946లో పని మొదలిడి, 87,500 ఎకరముల ఆయకట్టుకై యెడమ కాలువ తీసిరి. కృష్ణ కావల నాగరుకర్నూలు మిట్టలకు నేడు కల్వకుర్తి పథకమున యంత్రములతో నీటి నెత్తిపోయుచున్నారు.

కాలువ పటము వచ్చినపుడు పెద్దలు మూడు ప్రశ్న లడుగుడు: వాలు ఎటు? కడపటి పొలమునకు నీరందునా? రైతును అడిగితిరా? మూడవ దానిని మరచిన వాని పథకము నీరు పారియు ఎండును.