ఏడడుగుల వెడల్పులో ఏడు రోజులు

పడవ వెడల్పు ఆరడుగుల పది అంగుళాలు, పొడవు అరవై అడుగులు అని మా చెల్లెలు ఫోనులో చెప్పినప్పుడు, "అది పడవా, నీళ్ళమీద తేలే వసారానా?" అన్నాను. అందులోనే మంచాలు, వంటగది, స్నానాల గది, చలికాచుకునే పొయ్యి అన్నీ ఉన్నాయట. వారం రోజులు అందులో కాపురం చేస్తూ ఇంగ్లండు కాలవలమీద తిరగాలట. పెళ్ళిలో ఏడడుగులు నడిచినవారికి కూడా ఏడడుగుల వెడల్పులో కాపురం పరీక్షే సుమా అని మరిదిని హెచ్చరించి, సరేనన్నాను. చిక్కల్లా అమ్మతో వచ్చింది.

అమ్మకు డెబ్బై ఆరేళ్ళు. నాన్న పోయిన తరువాత ఎక్కడికి వెళదామన్నా "నేనెందుకే, మీరు వెళ్ళిరండి" అనటం అలవాటయింది. బర్మింగ్‌హాంలో చెల్లెలింటికి నాతో రావటమే గొప్ప. పడవ మాట ఎత్తితే కళ్ళు మూసుకుంది. "దారిలో లాకులుంటాయమ్మా" అని చెల్లెలు అన్నాక మాత్రం కళ్ళు తెరిచింది.

"లాకులా? మన లాకుల్లాంటివేనా?"

అలాంటివే. గోదావరి జిల్లాల పాఠకులకు చెప్పనక్కరలేదు, తక్కినవారికోసం చెబుతాను. కాలవ మెట్టు దిగేచోట రాతితో తొట్టెలాగా కట్టి, ముందూ వెనుకా తలుపులు పెడతారు. పడవను లోపలికి తెచ్చి నీరు నింపితే అది పైమెట్టుకు లేస్తుంది. నీరు వదిలితే కిందిమెట్టుకు దిగుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర, డెల్టా కాలవలను సాగుకే కాక పడవలకు కూడా పనికివచ్చేటట్టు తవ్వించాడు. మనదేశానికి రైళ్ళకంటే కాలవలే మేలని వాదించినవాడాయన. నర్సాపురం కాలవమీద లాంచీలో తన అమ్మమ్మగారి ఊరికి వెళ్ళిన పిల్ల మా అమ్మ.

రెన్‌బరీ అనే చిన్న ఊళ్ళో పడవ అద్దెకు తీసుకుని, వేల్సులోని లాంగోలెన్‌కు బయలుదేరాము. నడపటం అరగంటలో నేర్పి పంపేశారు. చుక్కాని ఎటు తోస్తే పడవ ముక్కు అటు కాక ఇటు తిరుగుతుంది. గంటకు నాలుగు మైళ్ళకు మించి పోరాదు. గట్టుమీద కుక్కను నడిపించుకుంటూ వచ్చిన ఒక ముసలాయన మమ్మల్ని దాటిపోయి, టోపీ ఎత్తి పలకరించి మరీ వెళ్ళాడు.

ఈ పడవలు ఇంత సన్నగా ఉండటానికి కారణం పొదుపు. 1761లో బ్రిడ్జివాటర్ డ్యూకు తన గనుల బొగ్గును మాంచెస్టరుకు చేర్చటానికి కాలవ తవ్విస్తే, ఆ ఊళ్ళో బొగ్గు ధర సగానికి పడిపోయిందట. దాని ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లే, బడిచదువు అంతగా లేనివాడు. తరువాత అతడు తలపెట్టిన కాలవల్లో లాకులు ఏడడుగులే ఉంచాడు. లాకు ఇరుకైతే కట్టుబడీ తక్కువ, పడవ దాటినప్పుడల్లా ఖర్చయ్యే నీరూ తక్కువ. గట్టున ఒక్క గుర్రం నడుస్తూ పాతిక ముప్ఫయి టన్నుల సరుకును లాక్కుపోయేది. సొరంగాల్లో గుర్రానికి దారి లేనిచోట, దాన్ని కొండమీదుగా నడిపించి, మనుషులు పడవలో వెల్లకిలా పడుకుని గోడలను కాళ్ళతో తన్నుకుంటూ చీకట్లో పడవను అవతలికి చేర్చేవారు.

రైళ్ళు వచ్చి కిరాయిలు పడిపోయాక, కూలికి మనిషిని పెట్టుకోలేని పడవవాళ్ళు ఒడ్డునున్న ఇల్లు వదులుకుని, భార్యాబిడ్డలను పడవలోకి తెచ్చుకున్నారు. సరుకుపోగా వారికి మిగిలింది వెనకనున్న గది, పొడవు పదడుగులకు మించదు. పగలు అలమరగా ఉన్నది రాత్రి మంచమయ్యేది. వంట, నిద్ర, పురుళ్ళు అన్నీ అందులోనే. ఆ గది తలుపులమీద వారు గులాబీలు, కోటలు రంగులతో వేసుకునేవారు. ఈ రోజున విహారానికి వచ్చేవారు ముచ్చటపడి కొనుక్కుపోయే బొమ్మలు అవే. పడవ ఒకచోట నిలవదు గనక పిల్లలకు బడి ఉండేది కాదు. 1877లో చట్టం చేసి, పడవకు ఇంతమందే ఉండాలనీ, పిల్లలకు చదువు చెప్పించాలనీ అన్నారు గాని, సరుకు దించేచోట ఒకరోజు, ఎక్కించేచోట ఒకరోజు బడికి వెళితే వచ్చే చదువెంత? పాతికేళ్ళుగా పాఠాలు చెప్పుకుంటున్నదాన్ని. ఆ గులాబీలను అంత తేలికగా మెచ్చుకోలేకపోయాను.

రెండో ప్రపంచయుద్ధంలో మనుషులు చాలక, పట్నపు ఆడవాళ్ళు ఈ సరుకు పడవలు నడపటానికి ముందుకు వచ్చారు. 1962-63 చలికాలంలో కాలవలు వారాల తరబడి గడ్డకట్టటంతో సరుకు రవాణాకు దాదాపు నూకలు చెల్లాయి. అయినా కాలవలు పూడిపోలేదంటే, అంతకుముందే వాటిమీద మనసుపడ్డవాళ్ళు ఉండబట్టి. 1939లో రోల్ట్ అనే ఇంజనీరు కొత్త పెళ్ళికూతురితో ఒక పాత పడవలో కాపురం పెట్టి దేశం తిరిగాడు. ఆ కథ 1944లో పుస్తకంగా వచ్చింది. దాన్ని చదివి కదిలినవారు రెండేళ్ళకు కాలవల రక్షణకు ఒక సంఘం పెట్టారు. తరువాతి కాలంలో ఎందరో సెలవురోజుల్లో వచ్చి బురద ఎత్తిపోశారు. ఇప్పుడు అక్కడ సుమారు రెండువేల మైళ్ళ కాలవలను, నదులను 2012లో ఏర్పడిన ఒక ట్రస్టు చూసుకుంటున్నది.

మేము వెళ్ళిన కాలవ కథ వేరు. రెండోనాడు అమ్మ నీళ్ళలో పడ్డ ఆకును చాలాసేపు చూసి, "ఇది పారుతోందే!" అంది. నిజమే. ఇంగ్లండు కాలవలు చాలావరకు నిలవనీరు. ఇది మాత్రం లాంగోలెన్ దగ్గర డీ నది నీటిని తీసుకుని, తాగునీటి చెరువుకు చేరుస్తుంది. 1944లో చట్టం చేసి దీన్ని పడవలకు పనికిరానిదిగా వదిలేసినా, నీటికోసమే బతికిపోయింది. మనకు జరిగింది దీనికి తలకిందులు. మన కాలవల్లో నీరు పారుతూనే ఉంది, పడవలు పోయాయి.

నాలుగోనాడు పొంట్‌కసుల్టె వంతెన దాటాము. (ఆ పేరు వేల్సువారు పలికినట్టు పలకటానికి మూడు రోజులు సాధన చేసి ఓడిపోయాను.) 1805లో టెల్ఫర్డు, జెస్సప్ కట్టిన ఇనుప తొట్టె అది, పొడవు 1007 అడుగులు, కింద 126 అడుగుల లోతున డీ నది. ఒకవైపు నడకదారి, కమ్మీలు. రెండోవైపు ఏమీ లేదు. నీళ్ళు, తొట్టె అంచు, ఆపైన ఆకాశం. నేను లోపలికి వెళ్ళి కూర్చున్నాను. అమ్మ కదలలేదు. "కమాన్లెన్ని?" అని అడిగింది. పందొమ్మిదని మనవడు చెప్పాడు.

"మన గన్నవరం పాత అక్విడెక్టుకు నలభై తొమ్మిది" అంది.

తిరుగు ప్రయాణంలో చివరి లాకు మార్‌బరీ. మేము కిందికి దిగాలి. మరిది చుక్కాని దగ్గర, చెల్లెలు వంటలో, నేనూ పిల్లవాడూ ఇనుప పిడులతో గట్టుమీద. ఎగువ తలుపు లోపలివైపు, అడుగున ఒక రాతి గడప ఉంటుంది. నీరు దిగేటప్పుడు పడవ వెనకభాగం దానిమీద ఉండిపోకూడదు; ఎంతవరకో గోడమీద తెల్లగీత కూడా గీశారు. వారం రోజుల అనుభవంతో ఆరితేరామనుకున్నాము గదా, కబుర్లలో పడ్డాము. పడవ మెల్లగా వెనక్కు జరిగింది.

"వెనక! వెనక చూడండి బాబూ! చిన్నా, తూము మూసెయ్!"

అమ్మ అంత గట్టిగా అరవటం నేను ఏళ్ళ తరబడి వినలేదు. అప్పటికే వెనకభాగం గడపమీద చిక్కుకుంది, ముక్కు కిందికి వాలుతోంది. లోపల గిన్నెలు జారిన చప్పుడు, చెల్లెలి కేక. పిల్లవాడు దిగువ తూములు మూశాడు. నేను ఎగువ తూము ఎత్తబోతే, "నెమ్మదిగా, నెమ్మదిగా" అని అమ్మే పక్కన నిలబడింది. నీరు పెరిగి, పడవ ఒక్కసారి మూలిగి, గడపనుంచి లేచింది. ఇంకో నిమిషం ఆలస్యమయితే పడవలోకి నీరు వచ్చేది. మరిది ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఆ రాత్రి పొయ్యి దగ్గర అమ్మ చెప్పింది. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళ లాకులో ఒక ధాన్యం పడవ ఇలాగే వాలి, బస్తాలన్నీ నీళ్ళపాలయ్యాయట. "సరంగు గట్టుమీద కూర్చుని ఏడ్చాడు. అంత పెద్ద మగవాడు ఏడవటం అదే చూడటం" అంది. ఇన్నేళ్ళలో ఆ సంగతి మాకెవరికీ చెప్పలేదు.

ఇంటికి వచ్చిన నెలలో, అడగకుండానే, తనే బయలుదేరదీసింది. కాకినాడనుంచి పుదుచ్చేరి వరకు ఉన్న కాలవల దారిని 2008లో జాతీయ జలమార్గమని ప్రకటించారు గాని, మేము వెళ్ళిన లాకు దగ్గర ఒక్క పడవ కూడా లేదు. రాతి తొట్టె ఉంది, అంచున గడ్డి మొలిచింది. లస్కరు ఒకాయన బయటికి వచ్చి, ఎవరు కావాలమ్మా అని అడిగాడు. అమ్మ చెప్పులు విప్పి గట్టు వెంట నడిచి, ఒక రాయి దగ్గర ఆగింది.

"ఇదిగో, పడవ ఈ రాయి దాటి వెనక్కి ఉండకూడదు" అని అతనికి చూపించింది.